రెడ్యా చేను రంగు

స్తుతి మేడం క్లాసులో ఫోన్లు పక్కన పెట్టమని ఎవరూ ఎవరికీ చెప్పరు. ఆమె పాఠమే ఫోన్లో ఉంటుంది కాబట్టి. పాల్వంచ దాటి భద్రాచలం వైపు పోయే రోడ్డు మీద, టేకుచెట్లు చిక్కబడే చోట ఉన్న ఆ వ్యవసాయ కాలేజీలో ఆమె మూడేళ్ళుగా వ్యవసాయ పర్యావరణం చెబుతోంది. పంటను ఒక్కదాన్నే కాకుండా దాని పక్కనున్న చెట్టుతో, పురుగుతో, నీటితో, మనిషితో కలిపి చూడటమే ఆ చదువు. పుస్తకంలో ఉన్నదంతా ఎక్కడో మంచు కురిసే దేశాల సంగతి. మన పిల్లలకు అది చదివితే నిద్ర వచ్చేది. అందుకని ఆమె పుస్తకం మూసి, ల్యాబులో ఆన్‌లైన్ మ్యాపు తెరిచింది.

పని తేలికే. పైనుంచి ఉపగ్రహం తీసిన ఫొటో మీద పిల్లలు తమ ఊరి చేల గట్లు గీయాలి. ఏ చేలో ఏముందో వివరాల్లో రాయాలి. తర్వాత రంగు వేయాలి. సాగుకు పసుపు, బీడుకు గోధుమ, నీళ్ళకు నీలం, అడవికి పచ్చ. నాలుగే రంగులు. ఐదో రంగు ఒకటి పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆ సంగతి ఆమెకు తట్టేసరికి ఫిబ్రవరి వచ్చింది.

ఆ క్లాసులో అందరికంటే శుభ్రంగా గట్లు గీసే పిల్ల జమ్లి. మణుగూరు పోయే దారిలో బస్సు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే వచ్చే బోడగుట్ట తండా ఆమెది. దసరా సెలవులు అయ్యాక స్తుతి ముప్పైమందిని వెంటేసుకుని ఆ తండాకే పోయింది. జమ్లి తండ్రి రెడ్యా చేను చూసి ఆమెకు మతిపోయింది. నాలుగెకరాల్లో జొన్న, కంది, వాటి నడుమ అనుములు, గట్టు పొడుగునా ఆముదాలు. వాటన్నిటి మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి పెద్ద పెద్ద ఇప్పచెట్లు. ఎరువుల బస్తా మొహం చూడని నేల. పిడికెడు మట్టి తీస్తే అందులో నాలుగు వానపాములు. తాను మూడేళ్ళుగా మాటల్లో చెబుతున్నదంతా ఒకాయన ముప్పై ఏళ్ళుగా చేతుల్తో చేస్తున్నాడని ఆమెకు అక్కడ నిలబడ్డాక అర్థమైంది.

ఆ తండావాళ్ళు అడవి నరికి పోడు చేలు చేసుకున్న కాలంలో కూడా ఇప్పచెట్టు మీద గొడ్డలి పెట్టలేదు. పైగా ఎవరి చేలో చెట్లు ఆ ఇంటి మనుషుల పేర్ల మీద ఉంటాయి. బిడ్డకు పేరు పెట్టిన నాడే, కోడలైతే ఇంట అడుగుపెట్టిన నాడే, ఒక చెట్టునూ చూపించి ఇది నీదంటారు. మనిషి పోయినా చెట్టుకు ఆ పేరు పోదు. రెడ్యా చేలో ఇరవై ఏడు చెట్లుంటే ఇరవై ఏడు పేర్లున్నాయి. జమ్లి ఒక్కో చెట్టు కింద నిలబడి ఫోన్లో చుక్క పెట్టి పేరు రాసుకుంది. హేమ్లా తాత చెట్టు, అమ్మ గోరి పేరున్న చెట్టు, పురిట్లోనే పోయిన తమ్ముడి చెట్టు. ఈశాన్యం మూల ఉన్నది జమ్లి చెట్టు.

పిల్లలు ఫోన్లు పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతుంటే రెడ్యా మాత్రం మంచె దగ్గరే నిలబడి చూశాడు. యాభై దాటిన మనిషి, తలకు తువ్వాలు, చేతిలో ఆరిపోయిన బీడీ.

“గీ ఫోన్లు పట్టుకొని చేను చుట్టు తిరుగుడేంది మేడం?” అన్నాడు. “గిట్ల చుట్టు తిరిగెటోళ్ళను చూస్తే నాకు గుండెల దడ పుడ్తది.”

“చదువు కోసమే అన్నా. మీ చేను పైనుంచి ఎట్లుంటదో చూస్తరా?” అని స్తుతి తన ఫోన్ ఇచ్చింది.

రెడ్యా ఫోన్‌ను ఎండకు చెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు చూశాడు. “చేనేది? గిండ్ల చెట్లే ఉన్నయ్ గద.”

స్తుతి నవ్వింది. “పైనుంచి గంతే అన్నా. కిందున్నోళ్ళకు తెలుస్తది గద, చేనని.”

“కిందున్నోళ్ళ మాట ఎవరింటరు మేడం,” అన్నాడు రెడ్యా. ఫోన్ తిరిగిచ్చేసి మళ్ళీ దాన్ని చూడలేదు.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. రెండు వేల ఐదు చివరికి ముందునుంచి సాగులో ఉన్న పోడుకైతేనే హక్కు పత్రం ఇస్తారు. రెడ్యా కాగితాలు పెట్టి ఏళ్ళు గడిచాయి. పత్రం వస్తే చేను జమ్లిదాకా ఉంటుంది. రాకపోతే చుట్టూ కందకం తవ్వి, నడుమ మొక్కలు నాటి పోతారు. వాగు అవతలి గూడెంలో మూడు కుటుంబాలకు అట్లాగే జరిగింది. వాళ్ళిప్పుడు వైరా వైపు మిరప కోతలకు వలస పోతున్నారు. ఇదంతా స్తుతికి తెలియదా అంటే తెలుసు. కానీ తెలిసిన సంగతి అవసరమైన రోజున గుర్తు రావాలి కదా.

రంగులు వేసే రోజు ల్యాబులో జమ్లి చెయ్యెత్తింది.

“మేడం, మా చేను ఏ రంగు?”

స్తుతి వెనకనుంచి వంగి చూసింది. నూటికి పది పాళ్ళు చెట్ల నీడ పడితే ఆ నేలను అడవి కింద లెక్కపెట్టడం ఒక పద్ధతి. ఆమె ఆ పద్ధతినే బోర్డు మీద రాసిపెట్టింది. రెడ్యా చేలో నీడ పదిహేను దాటింది.

“రూల్ ప్రకారం పచ్చ వెయ్యి.”

“చేను గద మేడం.”

“చేనే. అడవిలాంటి చేను. అదే దాని గొప్పతనం జమ్లీ. చేనని వివరాల్లో రాయి.”

జమ్లి వివరాల్లో చేనని, పంటల పేర్లతో సహా రాసింది. తర్వాత చెప్పినట్టే చేసింది. రెడ్యా చేను పచ్చబడింది. ఆ చుట్టుపక్కల చెట్లున్న చేలు ఇంకో ఆరు, వాటిని దున్నేవాళ్ళ పేర్లతో సహా, పచ్చబడ్డాయి. డిసెంబర్‌లో స్తుతి ఆ మ్యాపును ఒక ఆన్‌లైన్ సదస్సులో చూపించింది. ఎక్కడెక్కడి పెద్దలో తలలూపారు. ఆ సంబరంలో ఆమె మ్యాపును అందరికీ కనబడేట్టు, ఎవరైనా గుర్తులు పెట్టేట్టు తెరిచిపెట్టింది. దానికి ఒక్క బటన్ నొక్కితే చాలు.

జనవరి మొదటివారం నుంచి ఆమెకు మెయిళ్ళు రావడం మొదలైంది. మీ మ్యాపును ఎవరో దించుకున్నారు అని ఒక ముక్క, కింద తేదీ. పేరుండదు. మొదట్లో ఆమెకు గర్వంగానే ఉంది. ఏ యూనివర్సిటీ పిల్లలో చదువుకుంటున్నారని అనుకుంది. తర్వాత ఒక ఉదయం మ్యాపు తెరిచి చూస్తే రెడ్యా చేను మీద ఎర్రటి పిన్ను ఒకటి గుచ్చి ఉంది. దాని మీద నొక్కితే మాట లేదు, మనిషి పేరు లేదు. మర్నాడు దాని పక్క చేను మీద ఇంకొకటి. మూడోనాడు రెండు. వారం తిరిగేసరికి బోడగుట్ట మీద ఏడు పిన్నులున్నాయి. ఏడూ పచ్చరంగు వేసిన చేల మీదే ఉన్నాయి. పసుపు చేల జోలికి ఒక్కటీ పోలేదు.

“ఎవరీ పిన్నులు పెట్టింది?” అని క్లాసులో అడిగింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆటకు చేసినవాళ్ళయితే ఎక్కడో ఒకచోట నవ్వు బయటపడేది. ఎవరూ నవ్వలేదు. స్తుతి పిన్నులన్నీ చెరిపేసింది. రెండు రోజుల్లో ఏడూ మళ్ళీ అక్కడే ఉన్నాయి. ఈసారి వాటి మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలున్నాయి. రెడ్యాది ఒకటో నంబరు.

ఆ రోజంతా ఆమె మ్యాపు మూస్తూ, మళ్ళీ తెరుస్తూ ఉంది. ఎందుకో చెప్పమంటే చెప్పలేదు. ఎవరో మన ఇంటి ముందు నిలబడి, తలుపు తట్టకుండా, గోడ మీద సున్నంతో గుర్తు వేసి పోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

ఫిబ్రవరి మూడో వారం, మంగళవారం నాడు శ్రీనివాస్ ఫోన్ చేశాడు. శ్రీనివాస్ ఆమెతో కలిసి చదువుకున్నవాడు. సర్కారు పనులు కాంట్రాక్టుకు తీసుకునే ఒక చిన్న కంపెనీలో మ్యాపులు గీస్తుంటాడు. పెళ్ళిళ్ళకు తప్ప ఫోన్ చెయ్యని మనిషి.

“నీ పిల్లల మ్యాపు మస్తుంది స్తుతీ. మాకు నెల పని తప్పింది,” అన్నాడు నవ్వుతూ.

“ఏ పని?”

“పోడు దరఖాస్తులు మళ్ళ చూస్తున్నం. ఏది చేనో ఏది అడవో తేల్చి లిస్టు ఇయ్యాలె. మీదాంట్ల పేర్లు, గట్లు, రంగులు, అన్నీ రెడీగ ఉన్నయ్. మీద కాలేజీ పేరుంది. ఎవడు నోరెత్తడు.”

స్తుతి కుర్చీలో కూర్చుంది. “ఆ పిన్నులు నువ్వు పెట్టినవేనా?”

“అవ్. దరఖాస్తులు కొట్టేసే లిస్టు గది. అడవని మీరే రాసిండ్రు గద.”

“వివరాలు చూడలేదా శ్రీనూ? చేనని రాసింది పిల్ల. ఏ పంటలున్నయో కూడా రాసింది.”

“వివరాలెవరు చదువుతరు? సిస్టం రంగే తీసుకుంటది.”

ఆమె మార్చేస్తానంది. పచ్చ తీసి పసుపు వేస్తానంది. అవతల శ్రీనివాస్ నవ్వు ఆగిపోయింది. “ఆ పని చెయ్యకు. మేం జనవరిలనే దించుకున్నం. ఇప్పుడు మారిస్తే నీ పేరు, తేదీ, టైము అన్నీ పడ్తయ్. కావాలని మార్చిండ్రంటరు. ఉన్న అనుమానం ఇంక పెరుగుతది.” గొంతు తగ్గించి చెప్పాడు. “సోమవారం పొద్దుగాల లిస్టు మీద సంతకాలైతయ్. గా లోపల ఏదన్న గట్టి రుజువు తెస్తే పెద్దసారు ముందల పెడ్త. కొత్త ఫొటో గూడ ఒకపారి చూసే పెడ్తరు. గంతకంటే నాతోని కాదు.”

బుధవారం నాడు స్తుతి జమ్లిని వరండాలోకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. తన తప్పేనని కూడా చెప్పింది. అంతవరకు ఆమె చేసింది మంచి పనే. జమ్లి ఏడవలేదు. గోడకానుకుని నిలబడి, పరీక్షకు ముందు డౌట్లు అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది.

“చెట్లున్నయని అడవంటున్నరా మేడం?”

“అవును. పైనుంచి చెట్లే కనబడుతున్నాయి.”

“కొత్త ఫొటో ఎప్పుడొస్తది?”

“ఐదు రోజులకోసారి ఉపగ్రహం మన మీదుగా పోతుంది. ఈ ఆదివారం, పొద్దున పదిన్నర దాటాక.”

“చెట్లు లేకపోతే మా చేను ఏ రంగు పడ్తుండె?”

“పసుపు,” అంది స్తుతి.

అడిగింది విద్యార్థి, చెప్పింది టీచరు. జవాబు సరైనదే. ఆ జవాబు ఎక్కడికి పోతుందో ఆలోచించడానికి ఆమెకు ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషంలో బెల్లు కొట్టారు. జమ్లి సంచీ తగిలించుకుని మధ్యాహ్నం బస్సుకే తండాకు పోయింది.

శుక్రవారం క్లాసులో జమ్లి లేదు. సిలబస్ ప్రకారం ఆ రోజు మార్పును పట్టుకునే పాఠం. పాత ఫొటోను, కొత్త ఫొటోను ఒకదానిమీద ఒకటి పెడితే తేడా ఉన్నచోట మ్యాపు రంగు మార్చి చూపిస్తుంది. నిన్నటిదాకా పచ్చగా ఉండి ఇవాళ బోసిపోయిన నేల ఎర్రగా మెరుస్తుంది. “ఎర్రబడితే అర్థమేమిటి?” అని స్తుతి అడిగింది. “అడవిని కొత్తగా కొట్టినట్టు మేడం,” అని ముందు బెంచీలో కూర్చున్న అక్సా చెప్పింది. గుడ్ అంది స్తుతి. హాజరు పట్టీలో జమ్లి పేరు పక్కన ఆబ్సెంట్ వేసింది.

ఆమె బుర్రంతా ఆ రుజువు మీదే ఉంది. శనివారం సెలవైనా కాలేజీకి వచ్చి, పాత ఫొటోలన్నీ ఒక్కొక్క ఏడూ వెనక్కి జరుపుకుంటూ పోయింది. వానాకాలానివి తెరిస్తే అంతా పచ్చే. చలికాలానివి పొగమంచు పట్టి మసకగా ఉన్నాయి. మధ్యాహ్నం రెండింటికి రెండు వేల ఐదు ఏప్రిల్‌లో తీసిన ఫొటో ఒకటి చేతికి చిక్కింది. ఎండాకాలం, ఆకు రాలిన అడవి, దుమ్ము లేని గాలి. చుట్టూ అడవి ఒకే ముద్దగా ఉంటే నడుమ నాలుగెకరాల్లో నేల విడిగా, దున్నిన గీతలతో సహా కనబడుతోంది. ఆ నేల మీద విడివిడిగా చుక్కలు. ఆమె జమ్లి పెట్టిన చెట్ల చుక్కల్ని దాని మీదికి జరిపింది. ఒక్కొక్కటీ పోయి ఒక్కో చుక్క మీద కూర్చుంది. ఇరవై ఏడుకు ఇరవై ఏడు.

స్తుతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతకంటే రుజువేం కావాలి? ఆనాడు ఎక్కడున్న చెట్లు ఈనాడూ అక్కడే ఉన్నాయి, వాటి మధ్య ఆనాడే దుక్కి ఉంది. చెట్లే సాక్షులు. ఎవరైనా అనుమానపడితే చేలోకి తీసుకుపోయి ఒక్కో చెట్టు దగ్గరా నిలబెట్టి చూపించవచ్చు. రెండు ఫొటోలూ రంగుల్లో ప్రింటు తీయించి, ఉత్తరం రాసి, కవర్లో పెట్టింది. జమ్లికి ఫోన్ చేస్తే కలవలేదు. తండాలో సిగ్నల్ రావాలంటే గుట్ట ఎక్కాలి. రేపో ఎల్లుండో చెప్పవచ్చులే అనుకుంది.

ఆదివారం పొద్దున ఏడింటికి తల్లి సవరమ్మ చర్చికి చీర కట్టుకుంటుంటే స్తుతి ఫోన్ మోగింది. జమ్లి మెసేజ్, ముందురోజు సాయంత్రం పంపింది, ఇప్పుడొచ్చింది.

“మేడం, మా గురించి రంది పెట్టుకోకుండ్రి. బాపుకు అంతా చెప్పిన. రేపటి ఫొటోల మా చేను పసుపే పడ్తది.”

స్తుతి దాన్ని రెండోసారి చదివింది. మూడోసారి చదివేసరికి ఆ పసుపు ఎట్లా పడుతుందో అర్థమైంది.

“ఆరాధనకు రావా ఏంది?” అని సవరమ్మ అడుగుతూనే ఉంది. స్తుతి కవరు తీసుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బస్టాండుకు పరిగెత్తింది. మణుగూరు బస్సు అరగంట ఆలస్యం. బస్సులో రాత్రి డ్యూటీ దిగిన కార్మికులు తలలు వాల్చి నిద్రపోతున్నారు. ఆమె కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చుంది. ఆ బస్సులో మబ్బు కావాలని ప్రార్థన చేస్తున్న మనిషి ఆమె ఒక్కతే. ఫిబ్రవరి చివరి రోజుల ఆకాశం. కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది.

దిగినచోట ఆటో లేదు. ఎండలో రెండు మైళ్ళు నడిచింది. సగం దారిలో ఆమెకు చెట్లు కోసే మిషన్ చప్పుడు వినబడింది. దూరంగా, పళ్ళు నూరినట్టు, ఆగుతూ మళ్ళీ మొదలవుతూ. తర్వాత ఏదో పెద్దది విరిగిన చప్పుడు, దాని వెనక నేల దద్దరిల్లడం. ఆ తర్వాత మిషన్ మళ్ళీ మోగలేదు. ఆగిపోయినందుకు ఆమె సంతోషించలేకపోయింది. పని అయిపోతే కూడా మిషన్ ఆగుతుంది.

గట్టు ఎక్కి చూసి స్తుతి అక్కడే నిలబడిపోయింది. చేను లేదు. చేను ఉన్నచోట ఎండ ఉంది. ఇరవై ఏడు ఇప్పచెట్లు ఎటంటే అటు పడి ఉన్నాయి. కొన్నింటిని అప్పటికే ముక్కలు చేసి వాగు గట్టుకు ఈడ్చేశారు. కొమ్మల చివర మొగ్గలు గుత్తులుగా ఉన్నాయి. ఇంకో పదిహేను రోజులుంటే పువ్వు రాలేది. తండా తండా అంతా సాయం వచ్చినట్టుంది. జమ్లి తల్లి గోరి తలమీద కొంగు కప్పుకుని, ఎవరితో మాట్లాడకుండా, తన పేరున్న మోడు పక్కన కూర్చుని ఉంది. రెడ్యా తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. రెండు రోజులుగా నిద్ర లేని కళ్ళు. అయినా మొహంలో ఏదో తెరిపి ఉంది.

“టైముకొచ్చిండ్రు మేడం. మా నాయిన చెట్టు ముందల కొట్టిన. గదొక్కటి కొట్టినంక మిగిలినయి కష్టం కాలే,” అన్నాడు. తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. “చెట్లు పోతే పోయినయ్. చేనుంటే మళ్ళ పెట్టుకోవచ్చు.”

జమ్లి ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. తెర మీద క్లాసు మ్యాపు, చెట్ల జాబితా. పక్కన టిక్కులు. “ఒక్కటి గూడ మిస్ కాలే మేడం. పేరు పిలుచుకుంటా కొట్టించిన. చివరికి నాది. ఇప్పుడే పడ్డది.”

స్తుతి చేతిలో కవరు చెమటకు మెత్తబడింది. దాని లోపల ఇరవై ఏడు చుక్కలు ఇరవై ఏడు చుక్కల మీద కూర్చుని ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఎవరికి చూపించాలి? ఏ చెట్టు దగ్గర నిలబెట్టాలి? టైము చూసుకుంది. పదీ ఇరవై ఐదు. రేపు పొద్దున ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని పాత ఫొటో మీద కొత్త ఫొటో పెడతారు. నాలుగెకరాలు నిప్పులా ఎర్రబడతాయి. నిన్నటిదాకా అనుమానం మాత్రమే ఉండేది. రేపటినుంచి నేరం ఉంటుంది. దరఖాస్తుతో పోయేది కాదు, కేసు అవుతుంది. గొడ్డలి పట్టింది రెడ్యా. పట్టించింది తను. ఈ మాట ఆమె తనకు తాను దాచుకోకుండా చెప్పుకుంది.

“రెడ్యన్నా,” అంది. కవరు ముందుకు చాచింది.

రెడ్యా ఆమె మాట వినే స్థితిలో లేడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టి పైకి చూస్తున్నాడు. చిన్నప్పుడు తండాకు ఫొటో తీసేవాడు వస్తే ఎంత హడావుడి పడేవాళ్ళో ఇప్పుడూ అంతే పడుతున్నాడు.

“టైమైతున్నది. అందరు చేలకెళ్ళి బయటికి జరుగుండ్రి. మేకల్ని గూడ తోలుండ్రి. చేను మంచిగ కనబడాలె,” అని కేకేశాడు.

జనం గొడ్డళ్ళు, తాళ్ళు తీసుకుని గట్టు ఎక్కారు. ఎవరో మేకల్ని అదిలించారు. గోరి మోడు మీద ఒకసారి చెయ్యి పెట్టి లేచింది. “మీరు గూడ రాండ్రి మేడం, జల్దీ,” అని రెడ్యా పిలిచాడు. స్తుతి పోయి వాళ్ళ వరసలో నిలబడింది. అందరూ తలలెత్తి ఆకాశంలోకి చూస్తున్నారు. చేలో ఎక్కడా నీడ లేదు.

జమ్లి ఆమె పక్కకు చేరి, ఫోన్ మూసి, క్లాసుకు రాలేకపోయిన బుద్ధిమంతురాలైన పిల్ల ఎప్పుడూ అడిగే మాట అడిగింది.

“మేడం, శుక్రవారం నేను రాలే గద. ఏం పాఠం చెప్పిండ్రు?”

స్తుతి నోరు తెరిచింది. ఒక్క మబ్బు తునక కోసం ఆకాశం ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వెతికింది. ఎక్కడా లేదు.